అద్దానికి అవతల కూర్చున్న మనిషి

ఇంటింటా క్యాసెట్లు ఉన్న రోజులు గుర్తున్నవారికి ఈ అనుభవం కూడా గుర్తుండే ఉంటుంది. క్రిస్మస్ దగ్గరపడుతుండగా సంఘంలో ఎవరో ఒకరు, "ఈసారి మన గాయక బృందం పాటలు రికార్డు చేయిద్దాం" అని లేచేవారు. నెల రోజులు సాధన జరిగేది. చివరికి ఒక శనివారం సాయంత్రం చర్చిలో బల్ల మీద టేప్ రికార్డరు పెట్టి, ఫ్యాన్లు ఆపించి, కిటికీలు మూయించి, చెమటలు కక్కుతూ పాడేవారు. ఆ తర్వాత అందరూ చుట్టూ కూర్చుని వినేవారు. వినగానే ముఖాలు వాడిపోయేవి.

మా ఊళ్ళో చేసిన క్యాసెట్‌లో తబలా మన చెవి పక్కనే కూర్చున్నట్టు మోగింది. ఆల్టో పాడిన అమ్మలందరూ మాత్రం ఎక్కడో వంటింట్లో తలుపేసుకుని పాడుతున్నట్టు వినిపించారు. మూడో చరణంలో ఎవరి బిడ్డో ఏడ్చిన ఏడుపు ఒక్కటే ఏ లోటూ లేకుండా స్పష్టంగా పడింది. "అక్కడ నిలబడి విన్నప్పుడు ఇలా లేదే!" అని అందరమూ అనుకున్నాం.

నిజమే, అలా లేదు. మనిషి చెవికి ఎంచుకునే గుణం ఉంది. పెండ్లింట్లో ఎంత సందడిగా ఉన్నా మనల్ని పిలిచిన గొంతును మనం పట్టుకుంటాం. మైకుకు ఆ గుణం లేదు. తన ముందు ఏది గట్టిగా ఉంటే దాన్నే గట్టిగా తీసుకుంటుంది. మైకుకు లేని ఆ ఎంపికను తన చెవితో, తన చేతితో చేసే మనిషి ఒకడు స్టూడియోలో అద్దానికి అవతల కూర్చుంటాడు. అతన్నే రికార్డింగ్ ఇంజనీరు అంటారు. పాడినవారి బొమ్మ అట్ట మీద పెద్దదిగా వేస్తారు. ఇతని పేరు వేస్తే వెనక వైపు చిన్న అక్షరాల్లో వేస్తారు.

అలా చిన్న అక్షరాల్లో మిగిలిపోయినవారిలో అమెరికాకు చెందిన టామ్ డౌడ్ ఒకరు. ఆయన పాటలు పాడలేదు. అయినా గత శతాబ్దపు రెండవ సగంలో ప్రపంచం విన్న పాటల్లో ఎన్నో ఆయన వేళ్ళ కిందుగా వచ్చినవే. ఆయన జీవితం స్టూడియోలో మొదలు కాలేదు. అది మొదలైన చోటు వింటే ఎవరైనా ఒక్క క్షణం ఆగుతారు.

డౌడ్ 1925లో న్యూయార్క్‌లో పుట్టారు. తల్లి ఒపేరా గాయని. తండ్రి సంగీత బృందంలో ప్రధాన వయొలిన్ వాద్యకారుడు. పిల్లవాడు పియానో, వయొలిన్, ట్యూబా, పెద్ద బేస్ వయొలిన్ నేర్చుకున్నాడు. లెక్కలు, భౌతికశాస్త్రం అంతకంటే బాగా వచ్చాయి. 1942లో, పదహారేళ్ళకే హైస్కూలు ముగించి కొలంబియా విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర ప్రయోగశాలలో పనికి చేరాడు. పద్ధెనిమిదేళ్ళు నిండగానే సైన్యం పిలుపు వచ్చింది. అయితే తుపాకీ ఇవ్వలేదు. యూనిఫాం ఇచ్చి, అదే ప్రయోగశాలలో అదే పని చేయమన్నారు. ఆ పని అణుబాంబు తయారీలో ఒక భాగం. చరిత్రలో మాన్‌హట్టన్ ప్రాజెక్టు అని పిలిచేది దానినే.

1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకీల మీద బాంబులు పడ్డప్పుడు డౌడ్‌కు ఇంకా ఇరవై నిండలేదు. మరుసటి సంవత్సరం పసిఫిక్ మహాసముద్రంలోని బికినీ దీవుల దగ్గర జరిగిన అణుపరీక్షలకూ ఆయన్ని తీసుకువెళ్ళారు.

ఇక్కడ నేను, "ఆ ఘోరం చూసి మనసు విరిగి ఆయన సంగీతంలోకి వచ్చేశాడు" అని రాస్తే కథ చాలా బాగుంటుంది. రాయాలనీ ఉంది. కానీ సంగతి అంత చక్కగా జరగలేదు. సైన్యం నుంచి బయటికి వచ్చాక ఆయన అణుభౌతికశాస్త్రంలో పట్టా తీసుకోవాలనే అనుకున్నారు. తీరా చూస్తే, తాను నాలుగేళ్ళు చేసిన పని అంతా రహస్యం. దాని గురించి నోరు విప్పకూడదు. విశ్వవిద్యాలయం దానిని చదువుగా లెక్కలోకి తీసుకోలేదు. తరగతిలో చెప్పేదేమో యుద్ధానికి ముందటి పాఠం. తనకు తెలిసినది గురువులకు చెప్పకూడదు, గురువులు చెప్పేది తాను ఎప్పుడో దాటి వచ్చేశాడు. ఇరవై ఒక్కేళ్ళ కుర్రవాడు ఆ బల్లల మధ్య ఎన్నాళ్ళు కూర్చోగలడు? చదువు మానేసి, సంగీతం రికార్డు చేసే ఒక స్టూడియోలో పని వెతుక్కున్నాడు. జీవితంలో పెద్ద మలుపులు ఒక్కోసారి ఇలాంటి మామూలు కారణాలతోనే వస్తాయి.

ఆ రోజుల్లో రికార్డింగ్ అంటే ఏమిటో ఒక్క మాట చెప్పాలి. పాడుతుండగానే సూది మెత్తటి పళ్ళెం మీద గీత గీసుకుంటూ పోయేది. ఎవరైనా ఒక స్వరం తప్పితే, ఎవరికైనా దగ్గు వస్తే ఆ పళ్ళెం పారేయవలసిందే. అందరూ మళ్ళీ మొదటినుంచి పాడాలి. ఇంజనీరు తప్పు చేసినా అంతే. పదిమంది చెమటోడ్చి చేసిన పనిని ఒక్క చేయి పాడుచేయగలదు.

1947లో టర్కీ రాయబారి కుమారుడు అహ్మెట్ ఎర్టెగన్, ఆయన స్నేహితుడు హెర్బ్ అబ్రామ్సన్ కలిసి అట్లాంటిక్ రికార్డ్స్ అనే చిన్న కంపెనీ పెట్టారు. తెల్లవారి పెద్ద కంపెనీలు అంతగా పట్టించుకోని నల్లవారి సంగీతం మీద వీరికి ప్రాణం. పెట్టుబడి మాత్రం అంతంత మాత్రం. న్యూయార్క్ 56వ వీధిలోని వారి ఆఫీసే సాయంత్రానికి స్టూడియో అయ్యేది. గుమాస్తాలు వెళ్ళగానే మేజాలు గోడవైపు నెట్టి, ఒకదానిమీద ఒకటి ఎక్కించి, మైకులు నిలబెట్టేవారు. తెల్లవారి మళ్ళీ మేజాలు కిందికి దిగేవి. మన ఇళ్ళలో ప్రార్థన కూటానికి మంచాలు బయటవేసి చాపలు పరిచినట్టే అనుకోండి. రూత్ బ్రౌన్, బిగ్ జో టర్నర్, రే చార్ల్స్ వంటివారు ఆ గదిలో పాడినవారే. మేజాలు జరిపి మైకులు పెట్టినవారు డౌడ్.

అప్పటి రికార్డులలో పాడే గొంతు ముందుండేది, మిగతాది వెనక ఎక్కడో మసకగా వినిపించేది. డోలు, బేస్ గట్టిగా పెడితే సూది గాడిలోంచి ఎగిరిపోతుందని ఇంజనీర్లకు భయం. డౌడ్‌కు వాయిద్యం చేతితో తెలుసు, శబ్దతరంగం లెక్కల్లో తెలుసు. ఎంతవరకు పోతే సూది ఎగరదో ఆయన అంతవరకు పోయేవారు. అందుకే అట్లాంటిక్ పాటలు వింటే డోలు, బేస్ విడివిడిగా, గట్టిగా వినపడతాయి. మనిషి కాలు తనంతట తానే తాళం వేస్తుంది.

ఆయన చేసిన ఒక చిన్న మార్పు చూడండి. ఆనాటి మిక్సింగ్ బల్ల మీద ఒక్కో మైకుకు ఒక్కో పెద్ద గుండ్రటి బిళ్ళ ఉండేది. పాత రేడియోకు శబ్దం పెంచడానికి ఉండేలాంటిదే, ఇంకా పెద్దది. ఒక చేతితో ఒకటి, మహా అయితే రెండు తిప్పగలం. పది మైకులుంటే మిగతావి ఎవరు చూడాలి? డౌడ్ వాటిని తీసేసి, పైకీ కిందికీ జారే సన్నటి మీటలను పక్కపక్కనే బిగించారు. ఇప్పుడు పది వేళ్ళూ పనిచేయవచ్చు. హార్మోనియం మెట్ల మీద వేళ్ళు ఆడించినట్టు గొంతులను, వాయిద్యాలను ఒకేసారి ఎత్తవచ్చు, దించవచ్చు. ఈనాడు ఏ చర్చిలో చూసినా సౌండు పెట్టె ముందు కూర్చున్న కుర్రవాడు జరుపుతున్న ఫేడర్లు అవే. వాటిని స్టూడియోలో వాడకంలోకి తెచ్చిన మొదటివారిలో ఈయన ఒకరని ఆ కుర్రవాడికి తెలిసి ఉండదు.

అంతకంటే పెద్ద మార్పు ట్రాకులు. దీన్ని వంటింటి భాషలో చెబితే తేలిక. అన్నం, పప్పు, కూర, పెరుగు అన్నీ కలిపేశాక కూరలో ఉప్పు ఎక్కువైందని తెలిస్తే చేయగలిగింది ఏమీ లేదు. క్యారియర్‌లో గిన్నె గిన్నెకు వేరుగా ఉంటే ఆ ఒక్క గిన్నె సంగతి చూసుకోవచ్చు. గాయకుడిని ఒక గీతలో, డోలును మరొక గీతలో, పియానోను ఇంకొక గీతలో ఒకే టేపు మీద పక్కపక్కన నింపి, తీరిగ్గా కలుపుకోవడమే ట్రాకుల పద్ధతి. ఆ కలపడాన్నే మిక్సింగ్ అంటారు. గిటారు విద్వాంసుడు లెస్ పాల్ ఎనిమిది ట్రాకుల యంత్రం ఒకటి తన కోసం తయారు చేయించుకున్నారు. డౌడ్ అలాంటిదే అట్లాంటిక్ చేత కొనిపించారు. 1958 నాటికే అది న్యూయార్క్‌లో పనిచేస్తోంది. లండన్‌లో బీటిల్స్ బృందం పాడిన ప్రసిద్ధ స్టూడియోలో ఎనిమిది ట్రాకుల యంత్రం వాడకంలోకి వచ్చింది 1968లో. అంటే పదేళ్ళ తేడా.

ఆ యంత్రం మీద వచ్చినవాటిలో రే చార్ల్స్ పాడిన 'వాట్'డ్ ఐ సే' ఒకటి. 1959 ఫిబ్రవరిలో రికార్డు చేశారు. చర్చిలో బోధకుడు ఒక మాట అంటే సంఘం తిరిగి పలికే పద్ధతి నల్లవారి ఆరాధనలో ఉంది. ఆ పద్ధతిని రే చార్ల్స్ లోకపు పాటలోకి తెచ్చారు. చిన్నప్పటి నుంచీ చర్చి పాటలు విన్న ఆ చూపులేని గాయకుడి మీద విశ్వాసులు చాలామంది నొచ్చుకున్నారు. కొన్ని రేడియో స్టేషన్లు ఆ పాట వేయబోమన్నాయి. ఆ నొప్పి నాకు అర్థమవుతుంది. అయితే ఇంజనీరుకు వచ్చిన చిక్కు వేరు. పాట ఆరు నిమిషాలు దాటిపోయింది. అప్పటి చిన్న రికార్డుకు ఒక వైపు మూడు నిమిషాలు దాటితే కష్టం. డౌడ్ బ్లేడు పట్టుకుని టేపు కోసి, అతికి, పాటను రెండు భాగాలు చేసి రికార్డుకు చెరొక వైపు వేశారు. కోసిన చోటు తెలిసిపోతే పాట చచ్చిపోతుంది. అతి శ్రద్ధగా చేసిన పనికి గుర్తు, ఆ పని జరిగినట్టే ఎవరికీ తెలియకపోవడం.

అదే ఏడాది మే నెలలో జాన్ కోల్ట్రేన్ శాక్సఫోన్ రికార్డింగ్ జరిగింది. 'జెయింట్ స్టెప్స్' అనే ఆ ఆల్బం జాజ్ విద్యార్థులకు నేటికీ పెద్ద పరీక్ష. కోల్ట్రేన్ అందరికంటే గంట ముందే వచ్చి, గోడ వైపు తిరిగి నిలబడి ఒంటరిగా సాధన చేసుకునేవారని డౌడ్ తర్వాతి రోజుల్లో చెప్పేవారు. అప్పటికే పేరు పొందిన విద్వాంసుడు, సరళీ స్వరాలు దిద్దే పిల్లవాడిలా గోడతో మాట్లాడుకుంటున్నాడు. మరి ఇంజనీరు ఏం చేయాలి? పలకరించకుండా, వైర్లు చప్పుడు కాకుండా తన పని తాను చేసుకోవాలి. ఎవరిని ఎప్పుడు కదిలించకూడదో తెలుసుకోవడం కూడా ఆ వృత్తిలో భాగమే.

మెంఫిస్ సంగతి నాకు ఇంకా ఇష్టం. అక్కడ స్టాక్స్ అనే కంపెనీ ఒక పాత సినిమా హాలును స్టూడియోగా వాడుకునేది. సినిమా కోసం వేసిన ఏటవాలు నేల అలాగే ఉండిపోయింది. 1963లో వారి రికార్డింగ్ యంత్రం చెడిపోతే అట్లాంటిక్ వారు డౌడ్‌ను పంపారు. ఆయన యంత్రం విప్పి చూసి, కావలసిన భాగాలు విమానంలో తెప్పించి బాగుచేశారు. ఆదివారం వచ్చింది. ఆరాధన ముగించుకుని సంగీతకారులు ఒక్కొక్కరే, యంత్రం బాగైందటగదా చూద్దామని హాలుకు వచ్చారు. వారిలో రూఫస్ థామస్ అనే గాయకుడు ఉన్నాడు. తన దగ్గర ఒక పాట ఉందన్నాడు. వచ్చినవారు వాయిద్యాలు పట్టుకున్నారు. మెకానిక్ పనికి వచ్చిన మనిషి ఇంజనీరుగా కూర్చున్నాడు. 'వాకింగ్ ద డాగ్' అనే ఆ పాట ఆ యేడే దేశమంతా మోగింది. తెల్లవారు, నల్లవారు ఒకే హోటల్లో కూర్చుని తినడం కూడా కష్టమైన ఆ ఊళ్ళో, ఆ హాలులో మాత్రం ఇద్దరూ కలిసే వాయించేవారు.

బృందాలను రికార్డు చేయడంలో డౌడ్ చూసిన రెండు చివరలు చెబుతాను. 1967 మే నెలలో ఇంగ్లండు నుంచి క్రీమ్ అనే బృందం వచ్చింది. ఉన్నది ముగ్గురే. వారు తెచ్చుకున్న స్పీకర్ పెట్టెలు మాత్రం మనిషికంటే ఎత్తుగా, గోడలా నిలబడ్డాయి. ఒక్కొక్కరూ చెవులు పగిలేలా వాయిస్తారు. వీసాల గడువు దగ్గరపడింది. ఉన్నవి నాలుగైదు రోజులు. ఆ రోజుల్లోనే ఆల్బం మొత్తం రికార్డు చేసి, విమానాశ్రయానికి కారు వచ్చేసరికి ముగించారు. 'సన్‌షైన్ ఆఫ్ యువర్ లవ్' అనే పాట ఎంతకీ కుదరలేదట. సినిమాల్లో అమెరికా ఆదివాసుల డోలు మోగే తీరులో బరువుగా వాయించి చూడమని డ్రమ్మరుకు తానే చెప్పినట్టు డౌడ్ చెప్పారు. ఆ ఆలోచన నిజానికి ఎవరిదన్న దాని మీద తర్వాత మాట తేడాలు వచ్చాయి. పదిమంది కలిసి ఒండిన వంటలో పోపు ఎవరు పెట్టారో యాభై ఏళ్ళ తర్వాత తేల్చడం కష్టమే.

మూడేళ్ళ తర్వాత, 1970లో, అదే బృందంలోని గిటారు విద్వాంసుడు ఎరిక్ క్లాప్టన్ మరొక బృందంతో ఫ్లోరిడాలోని మయామీకి వచ్చారు. అక్కడి క్రైటీరియా స్టూడియోలో డౌడ్ అప్పటికే ఆల్‌మన్ బ్రదర్స్ అనే బృందంతో పని చేస్తున్నారు. క్లాప్టన్‌ను వెంటబెట్టుకుని వారి కచేరీకి వెళ్ళారు. అక్కడి డ్యుయేన్ ఆల్‌మన్ వయసు ఇరవై మూడు. గాజు సీసాను వేలికి తొడుక్కుని గిటారు తీగల మీద జార్చి, మనిషి ఏడ్చినట్టు పలికించేవాడు. ఆ రాత్రే అందరూ స్టూడియోకు చేరారు. ఇద్దరు గొప్పవాళ్ళు ఒక గదిలో పడితే ఏమవుతుందో మనకు తెలుసు. ఎవరో ఒకరు అలుగుతారు. అక్కడ అలా జరగలేదు. ఒకరి చేతిలోని గిటారు మరొకరు తీసుకుని, నీకు తెలిసింది నాకు చూపించు, నాకు తెలిసింది నీకు చూపిస్తాను అన్నట్టు గంటల తరబడి కూర్చున్నారు.

డౌడ్ చేసిన తెలివైన పని, టేపు ఆపకపోవడం. సరదాగా వాయించుకున్నా, మధ్యలో ఆగి మొదలుపెట్టినా యంత్రం తిరుగుతూనే ఉండాలని చెప్పారు. టేపు ఖరీదైన వస్తువు. అయినా జరిగిపోయిన క్షణాన్ని ఏ ఖరీదుకీ కొనలేం కదా. ఇంకొక ఆశ్చర్యం, ఆ స్టూడియోలో గోడలాంటి స్పీకర్లు లేవు. ఇద్దరూ చేతితో ఎత్తగలిగే చిన్న పెట్టెల్లో వాయించారు. గదిలో ఎవరైనా దగ్గితే అది టేపు మీద పడేంత మెల్లగా ఉండేదట. రికార్డులో వింటే ఆకాశం బద్దలైనట్టుంటుంది! పెద్దగా వినిపించాలంటే పెద్దగా వాయించనక్కర లేదని క్రీమ్ వారితో పనిచేసిన చెవులే గ్రహించాయి. మైకును ఎక్కడ పెట్టాలో తెలిసినవాడికి గుసగుస చాలు.

మన చర్చిల్లో ఈ మధ్య స్పీకర్లు పెరుగుతున్న తీరు చూస్తుంటే ఈ సంగతి గుర్తుకు వస్తుంది. పోనివ్వండి, అది వేరే వ్యాసం.

'లేలా' అనే పాట అక్కడ పుట్టింది. ఇంత చెప్పి, ఆ బృందం ఏమైందో చెప్పకపోతే సగం చెప్పినట్టవుతుంది. ఆ గదిలోకి మత్తుపదార్థాలు కూడా వచ్చాయి. రెండో ఆల్బం పూర్తి కాకుండానే 1971లో బృందం విడిపోయింది. క్లాప్టన్ హెరాయిన్‌లో పడి కొన్ని సంవత్సరాలు పోగొట్టుకున్నారు. డ్యుయేన్ ఆల్‌మన్ 1971 అక్టోబరులో మోటారుసైకిలు ప్రమాదంలో, ఇరవై అయిదు నిండకుండానే పోయాడు. బేస్ వాయించిన కార్ల్ రాడిల్ 1980లో మరణించాడు. డ్రమ్మరు జిమ్ గార్డన్‌కు మతి చెడి, 1983లో కన్నతల్లినే చంపి, మిగతా జీవితమంతా నిర్బంధంలో గడిపాడు. టేపు మీద మాత్రం వారందరూ ఆ వేసవిలో ఉన్నట్టే ఉన్నారు. స్వరం తప్పితే మళ్ళీ పాడించవచ్చు, ఎక్కువైన శబ్దాన్ని దించవచ్చు. ఆ మీటలతో చేయగలిగింది అంతవరకే.

డౌడ్ ఆ తర్వాత కూడా ఎన్నో ఏళ్ళు పనిచేశారు. అరెతా ఫ్రాంక్లిన్, ఓటిస్ రెడ్డింగ్, రాడ్ స్టూవర్ట్ ఇలా జాబితా చాలా పెద్దది. 2002లో, ఆయన చివరి సంవత్సరంలో, గ్రామీ సంస్థ ట్రస్టీల పురస్కారం ఇచ్చింది. ఆ అక్టోబరులో ఊపిరితిత్తుల జబ్బుతో, డెబ్బై ఏడేళ్ళ వయసులో ఫ్లోరిడాలో కన్నుమూశారు. ఆయన మీద తీసిన 'టామ్ డౌడ్ అండ్ ద లాంగ్వేజ్ ఆఫ్ మ్యూజిక్' అనే డాక్యుమెంటరీ 2003లో వచ్చింది, అంటే ఆయన పోయాక.

అందులో ఒక దృశ్యం ఉంది. నెరిసిన గడ్డంతో డౌడ్ మిక్సింగ్ బల్ల ముందు కూర్చుని ఉంటారు. ముప్పై ఏళ్ళ కిందటి 'లేలా' టేపును యంత్రం మీద పెట్టారు. ఆయన ఒక్కో మీటను పైకి జరుపుతుంటారు. ఒక మీట ఎత్తితే క్లాప్టన్ గిటారు ఒక్కటే. అది దించి పక్కది ఎత్తితే డ్యుయేన్. గిటారు మెడ మీద మెట్లు అయిపోయిన చోటుకి కూడా అవతల, వాయిద్యంలో ఉండకూడని స్వరాలను వాడు ఎలా పట్టుకున్నాడో వినమని మనకు చూపిస్తారు. ముఖం నిండా నవ్వు. ఎన్ని వేలసార్లు విన్నాడో ఆ మనిషి, ఇప్పుడే మొదటిసారి విన్నట్టు తల ఊపుతున్నాడు. తర్వాత మిగతా మీటలన్నీ ఒక్కటొక్కటిగా పైకి జరుపుతాడు, అందరూ తిరిగి వచ్చి వాయించడం మొదలుపెడతారు.